పక్కింటి నేల, పెద్దన్న పెత్తనం: ఉక్రెయిన్ యుద్ధాన్ని మనం ఎటు నుంచి చదవాలి?

2025 ఆగస్టు 15న అలాస్కాలోని యాంకరేజ్ నగరంలో, ఒక సైనిక స్థావరంలో ట్రంప్, పుతిన్ కలిశారు. మాట్లాడుకోవాల్సింది ఉక్రెయిన్ యుద్ధం గురించి. ఆ గదిలో ఉక్రెయిన్ తరఫున ఒక్కరూ లేరు. అంతకు కొద్ది రోజుల ముందే ట్రంప్ కొన్ని భూభాగాల మార్పిడి ఉంటుందని విలేకరులకు చెప్పారు. ఇద్దరు ఆసాములు రచ్చబండ మీద కూర్చుని మూడోవాడి చేను గట్టు ఎక్కడ వెయ్యాలో తేల్చుకుంటున్నట్టు ఉంది ఆ మాట.

అలాస్కాకు ఇలాంటి బేరం కొత్త కాదు. 1867లో రష్యా చక్రవర్తి ఆ ప్రాంతం మొత్తాన్ని 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. అక్కడ వేల ఏళ్లుగా బతుకుతున్న మూలవాసులను అమ్మినవాడూ అడగలేదు, కొన్నవాడూ అడగలేదు. నేల చేతులు మారింది, నేల మీది మనుషులు లెక్కలోకి రాలేదు.

పొరుగు దేశాలు ఎందుకు యుద్ధానికి దిగుతాయి? పాఠ్యపుస్తకాలు రెండు జవాబులు చెబుతాయి: ఒకటి భూమి, రెండు కూటములు. ఉక్రెయిన్ విషయంలో ఈ రెండు జవాబులకూ చెరో పక్షం ఉంది. మా పరిశోధక మిత్రుల చదువు బృందంలో కూడా ఈ వాదన ఏళ్లుగా నడుస్తోంది. కొందరు మిత్రులు ఇది నాటో తెచ్చిపెట్టిన యుద్ధం అంటారు. ఇంకొందరు పుతిన్ సామ్రాజ్య దాహం అంటారు. రెండు వాదనలనూ చాలాసార్లు తిరగేసి చూశాక మాకు అర్థమైంది ఒకటుంది. భూమి తగాదాకీ కూటమి తగాదాకీ అడుగున ఇంకో ప్రశ్న ఉంది. తన బతుకు గురించి తాను తేల్చుకునే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి లేదు? ఈ ప్రశ్న మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

చెరువు కారణమా?

1985 జులైలో కారంచేడులో ఆరుగురు దళితులను నరికి చంపారు. గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. మాదిగలు తాగే నీళ్లను పాడు చేస్తుంటే ఒక కుర్రాడు అడ్డు చెప్పాడు. అతన్ని కొట్టబోతే ఒక తల్లి బిందె ఎత్తింది. మరి ఆ హత్యలకు చెరువు కారణమా? కాదని మనకందరికీ తెలుసు. చెరువు ఒక సందర్భం. అప్పటిదాకా తల వంచుకుని ఉన్నవాళ్లు తల ఎత్తి ఎదురు మాట్లాడటం అసలు కారణం.

దేశాల మధ్య యుద్ధాన్నీ కుల దాడినీ ఒకే గాటన కట్టాలని మా ఉద్దేశం కాదు. దేశాలకు సైన్యాలున్నాయి, ఒప్పందాలున్నాయి, ఐక్యరాజ్యసమితిలో కుర్చీలున్నాయి. వాడలో మనుషులకు అవేవీ లేవు. కానీ సందర్భాన్నీ కారణాన్నీ విడదీసి చూడటం కారంచేడు, చుండూరు మనకు నేర్పిన పాఠం. ఆ పాఠాన్ని ఇక్కడ వాడుకోవచ్చు.

‘మీరూ మేమూ ఒకటే’

2021 జులైలో పుతిన్ ఒక పెద్ద వ్యాసం రాశారు. రష్యన్లూ ఉక్రేనియన్లూ చరిత్రలో ఒకే ప్రజ అన్నది దాని సారాంశం. 2022 ఫిబ్రవరి 21న టీవీ ప్రసంగంలో ఇంకో అడుగు ముందుకేసి, నేటి ఉక్రెయిన్‌ను లెనిన్, బోల్షివిక్కులు సృష్టించారని చెప్పారు. మూడు రోజుల తర్వాత రష్యా సైన్యం నాలుగు వైపుల నుంచి ఉక్రెయిన్‌లోకి దిగింది.

‘ఒకటే’ అన్న ఈ మాటకు పాత చరిత్ర ఉంది. జార్ల కాలంలో ఉక్రెయిన్‌ను ‘చిన్న రష్యా’ అనేవారు. 1863లో ఒక ఉత్తర్వుతో ఉక్రేనియన్ భాషలో చాలా రకాల పుస్తకాల అచ్చును ఆపారు. 1876లో ఇంకో ఉత్తర్వుతో ఆ నిషేధాన్ని మరింత బిగించారు. భాష వేరని ఒప్పుకుంటే ప్రజ వేరని ఒప్పుకోవాల్సి వస్తుందని వాళ్ల భయం. స్టాలిన్ కాలంలో, 1932–33లో, ధాన్యం బలవంతపు సేకరణ తెచ్చిన కరువులో ఉక్రెయిన్‌లో లక్షల మంది చనిపోయారు.

ఈ ‘ఒకటే’ ఎలాంటిదో మనకు తెలుసు. ఊరంతా ఒకటే అంటారు, టీకొట్టులో గ్లాసు మాత్రం వేరు. మనమంతా ఒకే మతం అంటారు, గుడి మెట్టు దగ్గర ఆపుతారు. విడిగా ఒక సంఘం పెట్టుకుంటే, విడిగా ఒక జెండా ఎత్తితే, అప్పుడు మాత్రం ఐక్యతను చీలుస్తున్నారన్న గోల మొదలవుతుంది. పెద్దన్న చెప్పే ఐక్యతలో తమ్ముడికి వేరే ఇష్టం ఉండకూడదు.

ఉక్రెయిన్ ప్రజలను ఎవరూ అడగలేదా? అడిగారు. 1991 డిసెంబర్ 1న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఓటేసినవాళ్లలో 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి అవునన్నారు. రష్యన్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న దోనెత్స్క్, లుహాన్స్క్ ప్రాంతాల్లోనూ 80 శాతం దాటింది. క్రిమియాలో కూడా సగానికి పైనే అవునన్నారు.

నాటో వాదనలో నిజమెంత?

నాటో వాదనను తేలిగ్గా తీసిపారెయ్యడం మా ఉద్దేశం కాదు. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ కూటమి తూర్పుకు జరుగుతూ వచ్చింది. 1999లో పోలండ్, హంగరీ, చెక్ దేశం చేరాయి. 2004లో మరో ఏడు దేశాలు చేరాయి. వాటిలో రష్యాతో సరిహద్దు ఉన్న ఎస్తోనియా, లాత్వియా కూడా ఉన్నాయి. 1999లోనే భద్రతా మండలి అనుమతి లేకుండా యుగోస్లావియా మీద నాటో బాంబులు వేసింది. 2003లో అమెరికా, బ్రిటన్ అబద్ధపు సాకుతో ఇరాక్‌ను నాశనం చేశాయి. ఈ చరిత్ర ఉన్నవాళ్లు అంతర్జాతీయ చట్టం గురించి చెబితే నమ్మడం కష్టం.

అన్నిటికన్నా పెద్ద తప్పు 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్ సమావేశంలో జరిగింది. ఉక్రెయిన్, జార్జియా ఏదో ఒక రోజు నాటో సభ్యులవుతాయని ప్రకటించారు. ఎప్పుడో చెప్పలేదు, అప్పటిదాకా రక్షణ ఎవరిదో చెప్పలేదు. రష్యాకు కోపం తెప్పించడానికి ఆ మాట సరిపోయింది, ఆ రెండు దేశాలను కాపాడటానికి మాత్రం సరిపోలేదు. నాలుగు నెలలకే, ఆగస్టులో, రష్యా సైన్యం జార్జియాలోకి వెళ్లింది.

ఇంతవరకూ నాటో వాదన నిలుస్తుంది. ఆ తర్వాత మూడు విషయాలు దానికి అడ్డం వస్తాయి.

ఒకటి, 2010లో ఉక్రెయిన్ ఏ సైనిక కూటమిలోనూ చేరబోమని స్వయంగా చట్టం చేసుకుంది. 2014 మార్చిలో రష్యా క్రిమియాను కలుపుకున్నప్పుడు ఆ చట్టం అమల్లోనే ఉంది. దాన్ని రద్దు చేసింది 2014 డిసెంబర్‌లో, నేల పోయాక. 2013 నవంబర్‌లో గొడవ రాజుకున్నది కూడా యూరోపియన్ యూనియన్‌తో వాణిజ్య, రాజకీయ ఒప్పందం మీద. అధ్యక్షుడు యనుకోవిచ్ చివరి నిమిషంలో సంతకానికి వెనక్కి తగ్గడంతో జనం వీధుల్లోకి వచ్చారు.

రెండు, 2022 దాడి తర్వాత ఫిన్లాండ్ భయపడి 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. ఫిన్లాండ్‌కు రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. నాటో గడప దాకా రావడమే యుద్ధానికి కారణమైతే అక్కడ పెద్ద ఘర్షణే రావాలి. కోపపు ప్రకటనలు వచ్చాయి, సైనిక ఏర్పాట్లు మారాయి, దాడి రాలేదు. ఫిన్లాండ్ ‘మాదే’ అని మాస్కో ఈనాడు అనడం లేదు. ఉక్రెయిన్‌ను అంటోంది.

మూడు, 2022 సెప్టెంబర్‌లో రష్యా ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాలను తనలో కలిపేసుకున్నట్టు ప్రకటించింది. ఆ నాలుగింటిలో ఏదీ అప్పటికి పూర్తిగా దాని చేతిలో లేదు. కూటమి భయం ఒక్కటే అయితే తటస్థత హామీ అడుగుతారు, జిల్లాలు కలుపుకోరు.

భద్రత భయం పెద్ద దేశాలకే ఉంటుందని ఈ వాదన మౌనంగా ఒప్పేసుకుంటుంది. రష్యా భయపడితే అది భౌగోళిక రాజకీయం. ఉక్రెయిన్ భయపడితే అది రెచ్చగొట్టడం. భయపడే హక్కు కూడా పెద్దవాళ్లదేనా?

కాగితం మీది హామీ

సోవియట్ యూనియన్ విడిపోయేనాటికి ఉక్రెయిన్ నేల మీద ప్రపంచంలో మూడో అతి పెద్ద అణ్వాయుధాల నిల్వ ఉంది. వాటిని పేల్చే సంకేతాలు మాస్కో చేతిలో ఉన్నా ఆయుధాలు ఉక్రెయిన్‌లో ఉన్నాయి. 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో ఒక పత్రం మీద సంతకాలు జరిగాయి. ఉక్రెయిన్ ఆ ఆయుధాలను వదులుకుంటుంది, దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ మాటిస్తాయి. ఉక్రెయిన్ తన మాట నిలబెట్టుకుని ఆయుధాలన్నీ రష్యాకు పంపేసింది.

ఆ పత్రంలో మాట తప్పినవాడిని ఏం చెయ్యాలన్న దానికి జవాబు లేదు. ఒకవేళ అణ్వాయుధాలతో దాడి గానీ బెదిరింపు గానీ వస్తే భద్రతా మండలికి వెళ్లాలని ఉంది. ఆ మండలిలో రష్యాకు వీటో ఉంది. ఫిర్యాదు ఇవ్వాల్సిన స్టేషన్‌లో ముద్దాయే కూర్చున్నట్టు.

అణ్వాయుధాలు ఉంచుకోవాల్సిందని మేం అనడం లేదు. హామీ ఎలా ఉండాలన్నది మా ప్రశ్న. బాబాసాహెబ్ జీవితమంతా ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టారు. 1947లో ఆయన రాసిన ‘రాష్ట్రాలు – మైనారిటీలు’ నివేదిక తెరిస్తే, హక్కుల జాబితాతో ఆయన ఆగిపోలేదని తెలుస్తుంది. ఆ హక్కుకు భంగం కలిగితే ఎవరు, ఏ అధికారంతో సరిచేస్తారో కూడా రాశారు. మెజారిటీ మంచితనం మీద ఆధారపడిన రక్షణ రక్షణే కాదని ఆయన అనుభవం. అత్యాచారాల నిరోధక చట్టం ఉండి కూడా ఎఫ్ఐఆర్ కోసం స్టేషన్ ముందు ధర్నా చెయ్యాల్సి వచ్చే మనకు బుడాపెస్ట్ పత్రం ఎందుకు విఫలమైందో వేరే వివరించాల్సిన పని లేదు. రేపు ఏ శాంతి ఒప్పందం వచ్చినా ముందు చూడాల్సింది ఈ లోపం సరిదిద్దారా లేదా అన్నదే.

ఆ నేల ఎవరిది?

భూమికి ధర ఉంది. దోన్‌బాస్‌లో బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలు ఉన్నాయి. క్రిమియాలో సెవాస్తోపోల్ రేవు నల్లసముద్రంలో రష్యా నౌకాదళానికి స్థావరం. దక్షిణాన ప్రపంచానికి గోధుమలు పండించే నల్లరేగడి ఉంది. ఇవన్నీ రెండు రాజధానుల లెక్కల్లో కనిపిస్తాయి.

కనిపించనివాళ్లు క్రిమియా తాతార్లు. ఆ ద్వీపకల్పపు మూలవాసులు వాళ్లు. 1944 మేలో స్టాలిన్ ప్రభుత్వం దాదాపు రెండు లక్షల మందిని, మొత్తం జాతిని, కొద్ది రోజుల్లో రైళ్లెక్కించి మధ్య ఆసియాకు తరిమేసింది. దారిలో, ఆ తర్వాతి ఏళ్లలో వేలాది మంది చచ్చిపోయారు. 1980ల చివర్లో వెనక్కి రావడం మొదలుపెట్టి, ఖాళీ జాగాల్లో గుడిసెలు వేసుకుని మళ్లీ బతుకు కట్టుకున్నారు. 2014లో క్రిమియా మళ్లీ చేతులు మారింది. 2016లో వాళ్ల ప్రతినిధి సభ మజ్లిస్‌ను రష్యా నిషేధించింది. క్రిమియా రష్యాదా ఉక్రెయిన్‌దా అని టీవీల్లో గంటల తరబడి చర్చిస్తారు. తాతార్ల పేరు ఒక్కసారి కూడా రాదు.

ఉక్రెయిన్‌ను ఆదర్శ దేశంగా చూపించడం మా పని కాదు. అక్కడి రోమా ప్రజలు యూరప్ అంతటా ఉన్నట్టే ఊరి చివర, వివక్ష మధ్య బతుకుతున్నారు. 2018లో కీవ్‌లోనే వాళ్ల డేరాలను మితవాద మూక తగలబెట్టింది. 2022లో జనం సరిహద్దుల వైపు పరుగెత్తుతున్నప్పుడు ఆఫ్రికన్ విద్యార్థులను రైళ్ల దగ్గర, సరిహద్దు గేట్ల దగ్గర వెనక్కి నెట్టారని వార్తలు వస్తే ఆఫ్రికన్ యూనియన్ బహిరంగంగా ఖండించింది. దాడికి గురైన దేశం లోపల కూడా మెట్లున్నాయి. ఆ మెట్లున్నాయి కాబట్టి దాడి న్యాయమైపోదు. చుండూరు బాధితుల ఇళ్లలో ఆడవాళ్ల మీద హింస ఉందా లేదా అని చూసి వాళ్ల న్యాయాన్ని తూకం వెయ్యం కదా.

చచ్చేదెవరు?

2022 సెప్టెంబర్ 21న పుతిన్ మూడు లక్షల మందిని సైన్యంలోకి పిలిచారు. మాస్కోలో డబ్బున్నవాళ్లు విమానాలెక్కి దేశం దాటారు. కాకసస్ కొండల్లోని దాగిస్తాన్‌లో, మఖచ్‌కలా వీధుల్లో, తల్లులు పోలీసులను నిలదీశారు. చనిపోయిన రష్యన్ సైనికుల పేర్లను ఒక్కొక్కటిగా సేకరిస్తున్న స్వతంత్ర పాత్రికేయుల లెక్కల్లో ఒక క్రమం కనబడుతుంది. జనాభా నిష్పత్తిలో తూవా, బుర్యాతియా లాంటి పేద ప్రాంతాల్లో మరణాలు మాస్కో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అవి మంగోలియా సరిహద్దులోని అల్పసంఖ్యాక జాతుల ప్రాంతాలు. రష్యన్ జాతివాళ్లలోనూ చిన్న ఊళ్ల పేదలే ఎక్కువ. వాగ్నర్ అనే ప్రైవేటు సైన్యం జైళ్లకు వెళ్లి, ఆరు నెలలు బతికితే విడుదల అని చెప్పి ఖైదీలను తెచ్చుకుంది. రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అని నిరూపించడానికి బుర్యాత్ కుర్రాడు చావాల్సి వచ్చింది.

ఇటువైపు కూడా అంతే. 2023 ఆగస్టులో జెలెన్‌స్కీ అన్ని ప్రాంతాల సైనిక నియామక అధికారులనూ తొలగించాల్సి వచ్చింది. లంచం తీసుకుని పేర్లు తప్పిస్తున్నారన్నది ఆరోపణ. లంచం ఇచ్చుకోలేనివాడు ముందు వరుసలో ఉంటాడు.

ఆ వరుస మన దాకా వచ్చింది. హెల్పర్ పని, సెక్యూరిటీ పని అని చెప్పి ఏజెంట్లు మన దేశం నుంచి కుర్రాళ్లను రష్యాకు పంపారు. అక్కడ అర్థం కాని భాషలో కాగితాల మీద సంతకాలు చేయించి, కొద్ది రోజుల తర్ఫీదుతో యుద్ధరంగానికి తోశారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడి చావు వార్త వచ్చింది. అదే నెలలో సీబీఐ ఈ ముఠా మీద దేశమంతా దాడులు చేసింది. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది, వాళ్లలో చనిపోయినవాళ్లు 12 మంది, జాడ తెలియనివాళ్లు 16 మంది. దోన్‌బాస్ ఎక్కడుందో తెలియని ఇళ్లలో దోన్‌బాస్ కోసం దీపాలు ఆరిపోయాయి.

కష్టకాలంలో అట్టడుగువాడిని పిలవడం, అవసరం తీరాక గేటు మూసెయ్యడం మన చరిత్రలోనూ ఉంది. బ్రిటిష్ సైన్యంలో తరాలుగా పనిచేసిన మహర్లకు 1890ల్లో ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం పేరుతో తలుపులు మూశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక 1917లో మహర్ పటాలం పెట్టారు, 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధం వచ్చాక, 1941లో, మళ్లీ మహర్ రెజిమెంట్ పుట్టింది. సుబేదార్ కొడుకైన అంబేద్కర్ ఆ తలుపు తెరిపించడానికి పోరాడారు. సైన్యంలో చోటు గౌరవానికి దారి అని ఆయనకు తెలుసు. ఆ చోటును పాలకులు ఎలా వాడుకుంటారో కూడా తెలుసు.

మన కంచంలోకి వచ్చిన యుద్ధం

2022లో పొద్దుతిరుగుడు నూనె ధర ఎందుకు ఎగిసిందో ఏ వంటగదిని అడిగినా చెబుతారు. మన దిగుమతిలో పెద్ద భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఎరువుల ధరలూ అలాగే మండాయి. 2025 ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామన్న కారణం కూడా చూపి, అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ గోదావరి జిల్లాల రొయ్యల చెరువులకు తగిలింది. రొయ్యల ఫ్యాక్టరీలో తల ఒలిచి రోజు కూలి తెచ్చుకునే ఆడవాళ్లకు చౌక చమురు లాభంలో వాటా లేదు. సుంకం నష్టంలో మాత్రం ఉంది.

1951లో న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేస్తూ బాబాసాహెబ్ చెప్పిన కారణాల్లో విదేశాంగ విధానం ఒకటి. దేశపు ఏటా ఆదాయం 350 కోట్లయితే 180 కోట్లు సైన్యానికే పోతోందని ఆయన ఎత్తి చూపారు. ఆపదలో నిలబడే మిత్రులు లేకపోవడం వల్లే ఈ భారమని వాదించారు. అంటే కూటముల ప్రశ్నను ఆయన జాతీయ గర్వం వైపు నుంచి చూడలేదు, బడ్జెట్ వైపు నుంచి చూశారు. కడుపు నిండనివాళ్ల దేశంలో ఈ ఖర్చు ఎవరు మోస్తున్నారని అడిగారు. ఈరోజు రష్యా కేంద్ర బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు రక్షణకే పోతోంది. ఆ డబ్బు ఏ బడి నుంచి, ఏ ఆసుపత్రి నుంచి తగ్గిందో తూవా జనాన్ని అడగాలి.

ఏ పక్షం?

2022 ఫిబ్రవరి 21 రాత్రి, రష్యా దోనెత్స్క్, లుహాన్స్క్‌లను దేశాలుగా గుర్తించిన గంటల్లోనే, భద్రతా మండలిలో కెన్యా ప్రతినిధి మార్టిన్ కిమానీ మాట్లాడారు. ఆఫ్రికా సరిహద్దులు గీసింది ఆఫ్రికన్లు కారు, లండన్, పారిస్, లిస్బన్‌లలో గీశారు. ప్రతి గీతకు అవతలా మా బంధువులున్నారు. ఒకే జాతి ఒకే దేశం అని బయలుదేరి ఉంటే ఈరోజుకీ నెత్తురు పారుతుండేది. అందుకే ఆ గీతల్ని ఒప్పుకుని శాంతిగా కలిసే దారి ఎంచుకున్నాం. ఇదీ ఆయన వాదన సారం. అదే ప్రసంగంలో అంతర్జాతీయ చట్టాన్ని కాలరాసే బలమైన దేశాలన్నిటినీ ఆయన తప్పుపట్టారు. నాటోను క్షమించకుండానే రష్యాను తప్పుపట్టవచ్చని ఆయన చూపించారు. మార్చి 2న సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యా దాడిని ఖండించాయి. ఓటుకు దూరంగా ఉన్న 35 దేశాల్లో మనదీ ఒకటి.

మన ప్రభుత్వ లెక్కలు ప్రభుత్వానివి. ఉద్యమాల్లో ఉన్నవాళ్లు, చదువుకుంటున్నవాళ్లు ఆ లెక్కల్నే మన లెక్కలుగా చేసుకోవాల్సిన అవసరం లేదు. అమెరికా మీద కోపం ఉంది కాబట్టి మాస్కోను, మాస్కో మీద కోపం ఉంది కాబట్టి నాటోను మొయ్యాల్సిన అవసరమూ లేదు. పాలస్తీనాలో ఆక్రమణ తప్పయితే ఉక్రెయిన్‌లోనూ తప్పే. ఉక్రెయిన్‌లో తప్పని అరిచే యూరప్ పాలస్తీనా దగ్గర గొంతు తగ్గిస్తే దాన్నీ నిలదీయాలి.

ఒక రోజు ఏదో ఒక ఒప్పందం కుదురుతుంది. పటాలు మళ్లీ గీస్తారు, కెమెరాల ముందు చేతులు కలుపుతారు. ఆ రోజు మనం కొన్ని విషయాలు వెతకాలి. దేశం వదిలిపోయిన సుమారు 60 లక్షల మందికి తిరిగొచ్చే హక్కు అందులో ఉందా? తాతార్ల మజ్లిస్‌ను ఎవరైనా పిలిచారా? మాట తప్పినవాడిని ఏం చెయ్యాలో రాశారా? ఏజెంట్ల చేతిలో మోసపోయి జాడ లేకుండా పోయిన మన కుర్రాళ్ల పేర్లు ఏ జాబితాలోనైనా ఉన్నాయా? అవి లేకపోతే 1867 అలాస్కా బేరానికీ దానికీ ధరలోనే తేడా.